ఇంటి దిగులుతో కమీనోకి: ఏ దారి, ఎన్నాళ్ళు, ఎక్కణ్ణుంచి వెనక్కి రావచ్చు

స్పెయిన్ వాయవ్య మూలన శాంటియాగో దె కాంపొస్తెలా అని ఒక ఊరుంది. క్రీస్తు శిష్యుడు యాకోబు సమాధి అక్కడి పెద్ద చర్చిలో ఉందని నమ్మకం. యూరప్ నలుమూలల నుంచి ఆ చర్చికి నడిచి వెళ్ళే దారులన్నిటికీ కలిపి కమీనో అని పేరు. 2024లో దాదాపు 5 లక్షల మంది నడక పూర్తి చేసి పత్రం తీసుకున్నారు.

ఏ దారి అందమైనది, ఏది సులువైనది అన్న పోలికలు కావలసినన్ని దొరుకుతాయి. నాన్నగారికి స్టెంటు వేసి ఏడాదైంది, అమ్మకు మతిమరుపు మొదలైంది, అమ్మాయి ఇంటరు రెండో ఏడు చదువుతోంది. వీటిలో ఏదో ఒకటి నెత్తిమీద ఉన్నవాళ్ళకు ఆ పోలికలు పనికిరావు. వాళ్ళు దారిని చివరి నుంచి మొదటికి చూడాలి. ఏ రోజు, ఏ మజిలీలో ఉండగా ఫోనొచ్చినా ఎన్ని గంటల్లో ఇంటి గుమ్మంలో ఉండగలరన్నదే మొదటి ప్రశ్న. కొండలు, సముద్రం, చర్చిల శిల్పం దాని తర్వాత.

అసలు ఈ ఏడు బయల్దేరవచ్చా

మూడు సందర్భాల్లో వాయిదా వేసుకోవడమే మంచిది. ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ తేదీ పడి ఉన్నా, ఈమధ్యే అయి ఇంకా కోలుకుంటున్నా. డయాలసిస్, కీమో లాంటివి కొత్తగా మొదలై ఒక పద్ధతిలో పడకపోయినా. వాళ్ళను చూసుకునే మనిషి ఒక్కరే అయి, ఆ ఒక్కరూ మీరే అయినా. మూడోది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారని బయల్దేరితే, రాత్రి రెండింటికి ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు పక్కింటివాళ్ళు మీకే ఫోను చేస్తారు.

బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిలకడగా ఉన్న పాత గుండెజబ్బు వేరు. అవి వచ్చే ఏడూ ఉంటాయి, ఆపై ఏడూ ఉంటాయి. అవన్నీ తగ్గాక వెళ్దామనుకుంటే అప్పటికి మీ మోకాళ్ళు మొరాయిస్తాయి.

పిల్లల చదువు సంగతి కాలెండరుతో తేలిపోతుంది. కమీనోకి మంచి కాలాలు రెండు: ఏప్రిల్ చివర నుంచి జూన్ మధ్య వరకు, సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య వరకు. మొదటిది మన ఎంట్రన్సు పరీక్షలు, ఆ వెంటనే వచ్చే కౌన్సెలింగు గొడవ మీద పడుతుంది. కాబట్టి ఇంటరు పిల్లలున్నవాళ్ళు సెప్టెంబరు చూసుకోవాలి. జులై 25 ఆదివారం వచ్చిన సంవత్సరాన్ని అక్కడ పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. తర్వాతిది 2027. ఆ ఏడు రద్దీ బాగా పెరుగుతుంది, సాయంత్రం పడక కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. తలలో వేరే దిగులు ఉన్నవాళ్ళు ఆ ఏడు వెళ్తే పడకలన్నీ ముందే బుక్ చేసుకుని వెళ్ళాలి.

ఫ్రెంచి దారి: మొత్తం నడవాలా, ముక్క నడవాలా

అందరికీ తెలిసిన దారి ఇదే. ఫ్రాన్సు సరిహద్దులోని సెయింట్-జాన్-పియె-ద-పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు, 30 నుంచి 35 రోజులు. మొదటి రోజే పిరనీస్ కొండలెక్కి రోన్సెస్‌వయెస్ చేరాలి. దూరం సుమారు 25 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 1,200 మీటర్ల పైమాటే. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఆ పైదారి మూసేస్తారు, లోయలోని వాల్‌కార్లోస్ మీదుగా పోవాలి.

ఇంటి దిగులు ఉన్నవాళ్ళకు ఈ దారిలో ఇబ్బంది దూరం కాదు, రోజులు. నెల దాటి ఇల్లు వదిలితే మందుల చీటీ మారుతుంది, పనిమనిషి మానేస్తుంది, గ్యాసు అయిపోతుంది, ఏదో ఒక బిల్లు గడువు దాటుతుంది. వారంలో జరగనివి ఐదు వారాల్లో జరుగుతాయి.

మంచి సంగతి ఏమిటంటే పాంప్లోనా, లొగ్రోన్యో, బుర్గోస్, సహగూన్, లెయోన్, అస్తోర్గా, పోన్‌ఫెర్రాదా, సర్రియా ఊళ్ళన్నిటికీ రైలు ఉంది. బుర్గోస్ నుంచి మాడ్రిడ్ రెండు గంటల్లోపు, లెయోన్ నుంచి కాస్త అటూ ఇటూగా రెండు గంటలు. వీటి మధ్య పల్లెల్లో ఉంటే ముందు టాక్సీనో, రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చే బస్సునో పట్టుకోవాలి. కారియోన్ దె లోస్ కోందెస్ దాటాక 17 కిలోమీటర్ల దాకా ఊరన్నదే లేదు.

ముక్కగా నడిచేవాళ్ళకు మొదలుపెట్టే చోట్లు మూడు. లెయోన్ నుంచి సుమారు 310 కిలోమీటర్లు, రెండు వారాలు. పోన్‌ఫెర్రాదా నుంచి సుమారు 205, తొమ్మిది పది రోజులు. సర్రియా నుంచి సుమారు 115, ఐదారు రోజులు. మూడింట్లో మేం చెప్పేది పోన్‌ఫెర్రాదా. రైలు దిగి నడక మొదలుపెట్టవచ్చు, ఓ సెబ్రెయిరో కొండ ఎక్కే అనుభవమూ దక్కుతుంది, సర్రియాలో మొదలుపెట్టే జనంలో కలిసేసరికి కాళ్ళు అలవాటు పడి ఉంటాయి. సర్రియాలో మొదలుపెట్టేవాళ్ళు పోర్తోమరీన్ వరకు 22, పాలాస్ దె రెయ్ వరకు 25, అర్సూవా వరకు 29 అంటూ మొదటి మూడు రోజులే పెద్ద మజిలీలు నడుస్తారు. మూడో రోజు మధ్యాహ్నానికి బొబ్బలు తేలేది ఇందుకే. అర్సూవా మజిలీని మెలీదెలో ఒక రాత్రి ఆగి రెండు ముక్కలు చేస్తే ఒక రోజు పెరుగుతుంది, పాదాలు మిగులుతాయి. చివరి రోజు దారి శాంటియాగో విమానాశ్రయం రన్‌వే చివరను చుట్టి పోతుంది. అక్కడ ఫోనొస్తే నడక ఆపి నేరుగా టెర్మినల్‌కు పోవచ్చు.

పోర్చుగీసు దారి: దిగులున్నవాళ్ళకు మొదటి ఎంపిక

పోర్తో నుంచి లోపలి దారి సుమారు 240 కిలోమీటర్లు, తీరం వెంట పోయేది అంతకన్నా పాతిక ముప్ఫై ఎక్కువ. 11 నుంచి 14 రోజులు చాలు. పోర్చుగల్ దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టే టూయీ నుంచి మొదలుపెడితే సుమారు 118 కిలోమీటర్లు, ఆరు రోజులు. పోరీన్యో, రెదొందెలా, పోంతెవేద్రా, కాల్దాస్ దె రెయిస్, పద్రోన్, శాంటియాగో. ఏ మజిలీ కూడా 25 కిలోమీటర్లకు మించదు, పెద్ద కొండలు లేవు.

దీన్ని ముందు పెట్టడానికి అసలు కారణం రైలు. రెదొందెలా, పోంతెవేద్రా, పద్రోన్ మూడూ వీగో-శాంటియాగో రైలు మార్గంలో ఉన్నాయి. దక్షిణాన పోర్తో నుంచి వలెన్సా వెళ్ళే రైలు తీరప్రాంతపు ఊళ్ళు వియానా దొ కాస్తెలో, కమీన్యాల మీదుగానే పోతుంది. పోర్తో మెట్రో పోవోవా దె వర్జీం వరకు వస్తుంది. అంటే తీరం దారిలో పోర్చుగల్ వైపు చాలా బసలు రైలు స్టేషనుకు దగ్గర్లోనే ఉంటాయి, నది దాటాక స్పెయిన్ తీరంలో వీగో చేరేదాకా మాత్రం రైలు లేదు. లోపలి దారిలో బార్సెలోస్‌కు రైలు ఉంది, పోంత దె లీమాకు లేదు, అక్కడ బస్సే. వీగో, పోర్తో, శాంటియాగో మూడు చోట్లా విమానాశ్రయాలున్నాయి.

ఈ దారికీ లోపాలున్నాయి. లోపలి దారిలో రాళ్ళు పరిచిన వీధులు ఎక్కువ, పాదాల అడుగుభాగం మంట పుడుతుంది, పల్చటి సోలు బూట్లు పనికిరావు. పోరీన్యో దగ్గర పారిశ్రామిక వాడ పక్కగా పోయే పాతదారి విసుగు పుట్టిస్తుంది. నది ఒడ్డున ప్రత్యామ్నాయ దారి ఉంది, బాణం గుర్తులు చూసుకుని దానిలోకి మళ్ళాలి. శాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతం కాబట్టి ఏ నెలలోనైనా వాన పడవచ్చు.

ఇంకో చిన్న సంగతి. మీన్యో నది వంతెన దాటి టూయీలోకి రాగానే గడియారం గంట ముందుకు పోతుంది. రోజూ ఒకే వేళకు ఇంటికి ఫోను చేసేవాళ్ళు ఈ మార్పు ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే ఆ గంటసేపు ఇంట్లోవాళ్ళు లేనిపోనివి ఊహించుకుంటారు.

మిగతావి

ఇంగ్లీషు దారి ఫెర్రోల్ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఐదారు రోజులు. పోంతెదేఉమే, బెతాంజోస్ వరకు రైలు తోడుంటుంది. తర్వాత బ్రూమా వైపు ఎక్కుడు, దుకాణాలు తక్కువ. ఎనిమిది తొమ్మిది రోజుల సెలవు మాత్రమే దొరికినవాళ్ళకు, జనసమ్మర్దం గిట్టనివాళ్ళకు ఇది బాగుంటుంది. ఒవియేదో నుంచి వెళ్ళే ప్రిమితీవో దారి అన్నిటికన్నా పాతది, చాలా అందమైనది. కానీ ఒస్పితాలెస్ కొండ మజిలీలో 20 కిలోమీటర్ల పైన ఊళ్ళు లేవు, మంచు కమ్మితే దారి కనబడదు. ఇంటి చింత ఉన్న ఏడాది దీని జోలికి పోవద్దు. ఉత్తర తీరం దారి 800 కిలోమీటర్ల పైమాట, ఫ్రెంచి దారికి చెప్పిందే దీనికీ.

కమీనో కాని దారి కూడా ఒకటుంది. జపాన్‌లోని షికోకు ద్వీపం చుట్టూ 88 గుళ్ళ ప్రదక్షిణ సుమారు 1,200 కిలోమీటర్లు, నడిస్తే 40 నుంచి 60 రోజులు. ప్రదక్షిణ అన్న మాట మనకు కొత్త కాదు కాబట్టి తెలుగువాళ్ళకు కమీనోకన్నా ఇదే మనసుకు దగ్గరగా ఉండవచ్చు. పైగా విడతలుగా చేయడం అక్కడ మామూలే. మొదటి పది గుళ్ళు నలభై కిలోమీటర్లలోపే ఉన్నాయి. పదకొండోది ఫుజిఇదెరా కమోజిమా రైలు స్టేషనుకు దగ్గర, మూడు రోజుల్లో అక్కడ ఆగిపోవచ్చు. పన్నెండో గుడికి కొండ ఎక్కే అడవిదారి చాలా కఠినం. కోచి ప్రాంతంలో 37, 38 గుళ్ళ మధ్య 80 కిలోమీటర్ల పైన ఎడం ఉంది. అషిజురి అగ్రం దగ్గర ఉండగా కబురొస్తే బస్సులో నాకమురా, రైల్లో కోచి, అక్కణ్ణుంచి ఒసాకా. విమానం ఎక్కేలోపే ఒక రోజు పోతుంది. యాత్రికుల పుస్తకంలో ముద్రలు వేసే గుళ్ళ కార్యాలయాలు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకే, ఒక్కో ముద్రకు 500 యెన్‌లు. మన జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మీద జపాన్‌లో కఠినమైన ఆంక్షలున్నాయి. మందుల సంచి సర్దేటప్పుడు చీటీలు చదవాలి.

వీసా, బీమా, టికెట్టు: పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి

స్పెయిన్, పోర్చుగల్ రెంటికీ పనికొచ్చే ఉమ్మడి యూరప్ వీసాను షెంజెన్ వీసా అంటారు, దానికి ఎక్కువ రాత్రులు గడిపే దేశం దగ్గర దరఖాస్తు పెట్టాలి. పోర్తో నుంచి నడిచేవాళ్ళు రాత్రులు లెక్కవేసుకోవాలి. శాంటియాగోలో రెండు రోజులు, మాడ్రిడ్‌లో ఒక రోజు కలిస్తే మామూలుగా స్పెయినే ఎక్కువ అవుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు. ప్రభుత్వ సత్రాల్లో ముందస్తు బుకింగు ఉండదు. వీసాకు బస ఆధారాలు కావాలి గనక ప్రైవేటు సత్రాలు, లాడ్జీలను రద్దు చేసుకునే వీలున్న పద్ధతిలో బుక్ చేసుకోవాలి.

మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగిల్ ఎంట్రీ వీసాతో మధ్యలో ఇంటికొచ్చి, పరిస్థితి కుదుటపడి మళ్ళీ వెళ్దామంటే కుదరదు, బయటికి వచ్చిన రోజే అది చెల్లిపోతుంది. దరఖాస్తుతో ఇచ్చే లేఖలో తల్లిదండ్రుల ఆరోగ్యం వల్ల మధ్యలో రావాల్సి రావచ్చని రెండు వాక్యాలు రాస్తే అడగడానికి కారణం కనబడుతుంది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. స్పెయిన్ నుంచి నేరుగా హైదరాబాదు రావాల్సి వస్తే, పాస్‌పోర్టులోని అమెరికా స్టాంపింగు గడువు తీరిపోయి ఉంటే వెనక్కి వెళ్ళడం అంత తేలిక కాదు.

బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది వీసా నియమం. అది మీ వైద్యానికి. ఇంటి దిగులున్నవాళ్ళకు పనికొచ్చేది ప్రయాణం మధ్యలో ఆపితే డబ్బు తిరిగిచ్చే షరతు. చాలా పాలసీల్లో దగ్గరి బంధువు ప్రాణాపాయ స్థితిలో ఉంటే ఇస్తామంటారు, కింద చిన్న అక్షరాల్లో ఆ బంధువుకు ముందునుంచే ఉన్న జబ్బులకు వర్తించదంటారు. నాన్నగారి గుండెకు మీరు భయపడుతున్నారు, పాలసీ సరిగ్గా దాన్నే వదిలేస్తుంది. కొనేముందు ఆ పేరా చదవండి. వర్తించదని తేలితే ఆ డబ్బును తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు మీద పెట్టడం మేలు.

శాంటియాగో నుంచి మాడ్రిడ్‌కు రైల్లో మూడు గంటల పైన. అక్కణ్ణుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా హైదరాబాదు. అన్నీ కలిసొస్తే ఒక రోజు, లేదంటే 30 గంటలు. విజయవాడకో, నెల్లూరుకో చేరాలంటే ఇంకో ఐదారు గంటలు కలుపుకోవాలి.

ఈ లెక్క ఇంట్లో నోరు తెరిచి మాట్లాడుకోవాలి. మన ఇళ్ళల్లో ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని మాట ఇది. జరగరానిది జరిగితే ఫ్రీజర్ బాక్సులో ఉంచి మీకోసం ఆగుతారా, లేక తమ్ముడి చేత కానిస్తారా? వృద్ధాప్యంలో ఉన్న తల్లిదండ్రుల్లో చాలామంది ఈ ప్రశ్నకు పిల్లలకన్నా నిబ్బరంగా జవాబిస్తారు. అడగకుండా వెళ్ళినవాళ్ళు ప్రతి ఫోను మోతకూ ఉలిక్కిపడుతూ నడుస్తారు.

ఇంట్లో ఏర్పాటు

నిర్ణయాలు తీసుకునే మనిషి ఒక్కరే ఉండాలి. మీకు ఫోను చేసేదీ ఆ మనిషే. అన్నాచెల్లెళ్ళు, బావగారు, పెద్దమ్మ తలా ఒక కబురు పంపితే ఒక జ్వరం నాలుగు జబ్బులవుతుంది. ఆ మనిషి దగ్గర ఉండాల్సినవి: ఆరోగ్యబీమా కార్డు, వాడుతున్న మందుల జాబితా మోతాదులతో, డాక్టరు నంబరు, ఆధార్ నకళ్ళు, 40 రోజుల మందులు, ఆసుపత్రిలో కట్టడానికి చేతికందే కొంత డబ్బు.

ఏ కబురు వస్తే బయల్దేరాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఐసీయూలో చేర్చడం, తుంటి ఎముక విరగడం, పక్షవాతం: వెంటనే రావడం. జ్వరం, షుగరు పెరగడం, కళ్ళు తిరిగి కూర్చోవడం: డాక్టరుకు చూపించి 24 గంటలు ఆగి మాట్లాడుకోవడం. రాసి ఉంటే అర్ధరాత్రి వాదన ఉండదు.

వేసవిలో మనకు, స్పెయిన్‌కు మూడున్నర గంటల తేడా, మనమే ముందు. మధ్యాహ్నం రెండున్నరకు సత్రంలో స్నానం చేసి బట్టలు ఉతుక్కునే వేళకు ఇక్కడ సాయంత్రం ఆరు. రోజుకు ఒక ఫోను, ఆ వేళకే. సత్రాల్లో రాత్రి పదికి దీపాలార్పుతారు, ఫోన్లన్నీ సైలెంటులో పెడతారు. అప్పటికి మన దగ్గర ఒంటిగంటన్నర, ఆపదలొచ్చే వేళ. ఆ ఒక్క మనిషి నంబరు మాత్రం సైలెంటులోనూ మోగేలా అమర్చుకోవాలి. బ్యాంకు ఓటీపీలు మన సిమ్‌కే వస్తాయి కాబట్టి దాన్ని తీసెయ్యకుండా రోమింగు ఆన్ చేయించి రెండో స్లాటులో అక్కడి సిమ్ వేసుకోవాలి.

కాళ్ళు, సంచి, తిండి

సాధన 12 వారాలు. వారానికి నాలుగు రోజులు, ఆదివారం పొడవు నడక 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి 22 దాకా, చివరి నాలుగు వారాలూ సంచి వీపున వేసుకుని. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో చేసేశాం కదా అనేవాళ్ళుంటారు. కమీనోలో కష్టం ఆ మర్నాడు పొద్దున్న మళ్ళీ 20 నడవడం. శని, ఆదివారాలు వరసగా నడిచి చూస్తే తేడా తెలుస్తుంది. అలిపిరి 3,550 మెట్లు ఊపిరికి మంచి సాధన, కానీ చాలామంది బస్సులో దిగొచ్చేస్తారు. కమీనోలో మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే. రెండు చేతికర్రలు పట్టుకుని దిగడం కూడా సాధన చేయాలి.

సంచి ఒంటి బరువులో పదోవంతు, అంటే ఆరేడు కిలోలు, నీళ్ళతో కలిపి. మోయలేకపోతే మజిలీకి సుమారు 5 నుంచి 7 యూరోలకు సంచిని తర్వాతి సత్రానికి చేరవేస్తారు, అందులో చిన్నతనమేమీ లేదు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు మాత్రం ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి. బూట్లు అర సైజు పెద్దవి. పాదంలో ఎక్కడ వేడి తగిలినా అక్కడే కూర్చుని టేపు వేసుకోవాలి. ఊరొచ్చాక చూద్దామంటే అప్పటికి బొబ్బ తేలుతుంది.

శాకాహారులకు పప్పుచారులా కనబడేదాంట్లోనూ మాంసం ముక్క ఉంటుంది, గలీసియా ఆకుకూర సూపులో పంది కొవ్వు ఉంటుంది, అడిగి తినాలి. బంగాళదుంప తోర్తియాలో గుడ్డు ఉంటుంది. కందిపొడి, కారప్పొడి, పులిహోర పొడి తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, పాలకోవా తీసుకెళ్ళకూడదు, బయటి దేశాల పాల ఉత్పత్తులను యూరోపియన్ యూనియన్ రానివ్వదు. గలీసియా ప్రభుత్వ సత్రాల్లో పడక 10 యూరోలు, వంటగది ఉంటుంది గాని చాలాచోట్ల గిన్నెలుండవు. పల్చటి స్టీలు గిన్నె ఒకటి సంచిలో పడేసుకోండి. అన్నీ కలిపి రోజుకు 50 యూరోలు వేసుకుంటే టూయీ నడక 300 యూరోల్లో, పోర్తో నడక 600లో, ఫ్రెంచి దారి మొత్తం 1,650లో అవుతుంది. విమానం, వీసా విడిగా.

ముద్రలు, మతం, ఆగిపోయిన నడక

పత్రం కోసం కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. సత్రాలు, చర్చిలు, కాఫీ హోటళ్ళు అన్నీ ముద్ర వేస్తాయి. క్రైస్తవులే కానక్కర్లేదు, ఆధ్యాత్మిక కారణమని చెప్పినా కాంపొస్తెలా పత్రం ఇస్తారు. సరదాగా నడిచామంటే వేరే పత్రం ఇస్తారు. పత్రానికి డబ్బు కట్టనక్కర్లేదు.

మధ్యలో వెనక్కి రావాల్సి వస్తే ఆ పుస్తకం పారేయకండి. ఆగిన ఊళ్ళో ఆ రోజు తేదీతో చివరి ముద్ర వేయించుకుని రండి. ఏడాదికో వారం చొప్పున ఒకే దారిని ఐదారేళ్ళు నడిచే యూరప్ వాళ్ళు ఎందరో ఉన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళోనే రైలు దిగి, అదే పుస్తకంలో తర్వాతి గడి నుంచి మొదలుపెట్టవచ్చు. పోంతెవేద్రాలో ఆగినవాళ్ళకు శాంటియాగో ఇంకా మూడు రోజులే.